మైన్‌క్రాఫ్ట్‌లో విలేజర్ రైతు చేత క్యారెట్ పొలం చేయించడం ఎలా?

బ్లాకులతో కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆటలో తిండి కోసం ప్రతిసారీ మీరే కోసి, మీరే నాటుకోవాల్సిన పనిలేదు. గడ్డి టోపీ పెట్టుకుని తిరిగే రైతు విలేజర్ (ఆటే నడిపే ఊరివాడు) ఆ పని రోజూ చేస్తాడు. కాకపోతే అతను మీ కోసం పండించడు. తన కోసం, తన తోటి విలేజర్ల కోసం పండిస్తాడు. తన దగ్గర తిండి ఎక్కువైతే ఎదురుగా ఉన్నవాడికి విసురుతాడు. మనం చేయాల్సిందల్లా ఆ విసిరే దారిలో ఒక హాపర్ (పైన పడ్డ వస్తువుల్ని లాగి పెట్టెలోకి పంపే గరాటు) పెట్టడం. మిగతా పనంతా రైతు తన పద్ధతిలో తాను చేసుకుపోయేలా చుట్టూ ఏర్పాట్లు చేయడమే. ఇది మనసులో పెట్టుకుంటే కింది ప్రతి మెట్టూ ఎందుకు అవసరమో మీకే తెలుస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌కి సంబంధించింది. ఫోన్లు, కన్సోళ్ళలో కూడా నడిచే బెడ్‌రాక్ ఎడిషన్‌లో రైతు ఇలాగే పని చేస్తాడు కానీ దూరాలు, ఊరి నియమాలు కొంత మారతాయి. ఇంకో సంగతి. యూట్యూబ్‌లో చూసి కట్టేవాళ్ళు ఆ వీడియో ఏ సంవత్సరానిదో ముందు చూసుకోండి. 2019 ఏప్రిల్‌లో వచ్చిన 1.14 అప్‌డేట్ విలేజర్ల పద్ధతినే మార్చేసింది. అంతకుముందు ఊరంటే తలుపుల లెక్క. ఇప్పుడు మంచాలు, గంట, పనిముట్టు బ్లాకులు. రైతు జేబు నిండా గోధుమ విత్తనాలు నింపి, గోధుమలు నేల మీదే పడేలా చేసే పాత చిట్కా అప్పట్లో బ్రహ్మాండంగా పనిచేసేది. ఇప్పటి రైతు ఎక్కువైన విత్తనాలను కంపోస్టర్‌లో (ఎరువు చేసే పెట్టె, రైతు పనిముట్టు బ్లాకు ఇదే) వేసి ఎరువు చేసేస్తాడు, జేబు మళ్ళీ ఖాళీ అవుతుంది.

ఏ పంట వేయాలి

రైతు గోధుమ, క్యారెట్, బంగాళాదుంప, బీట్‌రూట్ ఈ నాలుగింటినీ కోసి మళ్ళీ నాటుతాడు. గుమ్మడి, పుచ్చకాయల్ని ముట్టుకోడు.

నా సలహా క్యారెట్. గోధుమ, బీట్‌రూట్‌లకు విత్తనం వేరు, పంట వేరు. విలేజర్ జేబులో ఉండేది 8 గళ్ళే కాబట్టి విత్తనాలే చోటంతా ఆక్రమిస్తాయి. పైగా గోధుమలు దొరికితే రైతు మూడింటికి ఒకటి చొప్పున రొట్టెలు చేసేస్తాడు. మీకు రొట్టెలే కావాలంటే అది మంచిదే, గోధుమలు కావాలంటే మాత్రం ఇబ్బంది. క్యారెట్, బంగాళాదుంపల్లో నాటేదీ తినేదీ ఒకటే. ఈ రెండింట్లో బంగాళాదుంప కోసినప్పుడు అప్పుడప్పుడు విషపు దుంప ఒకటి వస్తుంది. దాన్ని విలేజర్ ఎత్తుకోడు, అది అయిదు నిమిషాలు నేల మీద పడి ఉండి మాయమవుతుంది. నష్టం పెద్దదేమీ కాదు. కానీ అమ్మకం దగ్గర తేడా ఉంది. రైతు విలేజర్ 22 క్యారెట్లకు ఒక పచ్చ (ఎమరాల్డ్, విలేజర్ల డబ్బు) ఇస్తాడు, బంగాళాదుంపలైతే 26 అడుగుతాడు.

ఒక పొలంలో ఒకే పంట వేయండి. వేర్వేరు పంటల్ని వరుస విడిచి వరుస నాటితే మొక్కలు త్వరగా ఎదుగుతాయన్నది నిజమే. మీరే సేద్యం చేసేటప్పుడు ఆ పద్ధతి మంచిది. రైతు చేతికి ఇచ్చాక వరుసలు నిలవవు. జేబులో ముందు ఏది దొరికితే అది నాటేస్తాడు, నాలుగు రోజుల్లో అంతా కలగాపులగం అవుతుంది.

సరంజామా

- నీళ్ళ బకెట్ ఒకటి, దున్నే పార (హో, షవల్ కాదు) ఒకటి
- క్యారెట్లు 80 (తక్కువ ఉన్నా పరవాలేదు, కింద చెప్తాను)
- కంపోస్టర్ ఒకటి: 7 చెక్క స్లాబులతో అవుతుంది
- హాపర్లు రెండు, చెస్ట్ (పెట్టె) ఒకటి
- మైన్‌కార్ట్ (పట్టాల బండి) ఒకటి, రైలు పట్టా ముక్క ఒకటి
- బోటు ఒకటి, టార్చ్‌లు, గోడకూ కప్పుకూ సరిపడా గాజు

ఇనుము లెక్క ముందే చూసుకోండి. హాపర్ ఒక్కోదానికి 5 కడ్డీలు, మైన్‌కార్ట్‌కి 5, బకెట్‌కి 3, పట్టాలకు 6 (ఒకసారి చేస్తే 16 ముక్కలు వస్తాయి). అన్నీ కలిపి 24 కడ్డీలు. క్యారెట్లు లేకపోతే చుట్టుపక్కల ఊళ్ళ పొలాలు చూడండి, పిల్లేజర్లనే దోపిడీదారుల కావలి బురుజు చెస్టుల్లోనూ దొరుకుతాయి. జాంబీలు కూడా ఎప్పుడో ఒకటి పడేస్తాయి. ఒక్క క్యారెట్ దొరికినా చాలు. నాటితే ఒక్కో మొక్కకు 2 నుంచి 5 వస్తాయి, రెండు మూడు కోతల్లో విత్తనం కూడుతుంది.

మెట్టు 1: మడి తయారీ

ఊరికి మరీ దగ్గరగా కట్టొద్దు. పని లేని విలేజర్ 48 బ్లాకుల దూరం నుంచి కూడా ఖాళీ కంపోస్టర్‌ని పసిగడతాడు. మీరు అనుకున్న రైతుకు బదులు ఇంకెవడో దాన్ని తనదిగా చేసుకుని, దగ్గరికి రాలేక గోడ అవతల తచ్చాడుతుంటాడు.

9×9 చదును నేల చూసుకుని, సరిగ్గా మధ్య బ్లాకు తవ్వి నీళ్ళు పోయండి. నీళ్ళు నాలుగు వైపులా 4 బ్లాకుల దూరం వరకు నేలను తడుపుతాయి. అందుకే 9×9 కొలత. మధ్యది పోగా 80 బ్లాకులు సాగుకు వస్తాయి. రైతు కూడా తన చుట్టూ సుమారు ఇంత మేరలోనే సాగు నేల కోసం వెతుకుతాడు కాబట్టి ఒక్కడికి ఇది చక్కగా సరిపోతుంది. ఇంకా పెద్ద పొలం వేస్తే అంచులు పండిపోయి అలాగే నిలబడి ఉంటాయి.

ఇప్పుడు నీళ్ళ మీదే కంపోస్టర్ పెట్టండి. నీళ్ళు కిందే ఉంటాయి, తడి తగ్గదు. రైతు నీళ్ళలో పడడు, కంపోస్టర్ ఎటు నుంచైనా అందుబాటులో ఉంటుంది. ఒక బ్లాకు సాగు నేల కూడా వృథా కాదు.

నేలంతా మీరే పారతో దున్ని, మీరే నాటండి. ఇది తప్పదు. రైతు నాటగలడు, కోయగలడు, ఎరువు చల్లగలడు, కానీ దున్నలేడు. మీరు మడి లోపల గెంతితే అడుగు కింది నేల మామూలు మట్టి అయిపోతుంది, రైతు దాన్ని మళ్ళీ ఎప్పటికీ బాగుచేయలేడు. లోపల ఉన్నంతసేపూ స్పేస్‌బార్ జోలికి వెళ్ళకండి.

మెట్టు 2: గోడ, వెలుతురు

మడి చుట్టూ రెండు బ్లాకుల ఎత్తు గోడ కట్టి, పైన గాజు కప్పు వేయండి. కంచె ఒక్కటి వేసినా రైతు దాటలేడు, కానీ జాంబీ కంచె పక్కన నిలబడితే రైతుకు క్షేమం కాదు. నార్మల్ మోడ్‌లో జాంబీ చేతిలో చచ్చిన విలేజర్ జాంబీగా మారే అవకాశం సగానికి సగం, హార్డ్‌లో ప్రతిసారీ మారతాడు. బలహీనత స్ప్లాష్ పోషన్ విసిరి, బంగారు ఆపిల్ తినిపిస్తే మళ్ళీ మామూలు మనిషి అవుతాడు. కానీ ఆ టెన్షన్ అంతా పడే బదులు 80 గాజు బ్లాకులు కాల్చుకోవడం తేలిక. గోడ ఉంటే కుందేళ్ళు కూడా లోపలికి రావు. అవి పండిన క్యారెట్ మొక్కల్ని తింటాయి.

తలుపు పెట్టొద్దు. చెక్క తలుపును విలేజర్ తెరవగలడు, హార్డ్ మోడ్‌లో జాంబీ బద్దలు కొట్టగలదు. మీరు లోపలికి వెళ్ళాలంటే ఒక గాజు బ్లాకు తీసి, వెళ్ళి వచ్చాక మళ్ళీ పెట్టండి.

మొక్క ఎదగాలంటే వెలుతురు కనీసం 9 ఉండాలి. పగలు గాజు కప్పు లోంచి ఎండ చాలు. రాత్రి కూడా ఎదగాలంటే గోడల లోపలివైపు టార్చ్‌లు తగిలించండి, కంపోస్టర్ పైన కప్పుకు ఒక గ్లోస్టోన్ (వెలుగిచ్చే రాయి) పెట్టండి. లోపల చీకటి మూల అనేదే లేకుంటే రాక్షసులు పుట్టే భయమూ ఉండదు.

మెట్టు 3: హాపర్ల గూడు

పొలం మొత్తంలో జాగ్రత్తగా కట్టాల్సింది ఇదే, తొందరపడకండి.

గోడలో ఏదో ఒక వైపు, సరిగ్గా మధ్యలో, ఒక బ్లాకు వెడల్పున రెండు ఎత్తూ తెరిచి ఉంచండి. ఆ తెరిచిన చోట, సాగు నేలతో సమానమైన మట్టంలో, మొదటి హాపర్ వస్తుంది. దాని కింద ముందుగా చెస్ట్ పెట్టండి, షిఫ్ట్ పట్టుకుని చెస్ట్ మీద నొక్కి హాపర్ పెడితే దాని మూతి చెస్ట్‌లోకి తిరుగుతుంది. చెస్ట్‌ని బయటి నుంచి తెరవడానికి పక్కన ఒక చిన్న గొయ్యి తవ్వుకోండి.

మొదటి హాపర్ వెనకాల, అదే మట్టంలో, రెండో హాపర్. దీన్ని షిఫ్ట్ పట్టుకుని మొదటి హాపర్ పక్క మీద నొక్కి పెట్టండి, అప్పుడు ఇందులో పడ్డది మొదటిదాంట్లోకి, అక్కడి నుంచి చెస్ట్‌లోకి వెళుతుంది. రెండో హాపర్ మీద పట్టా ముక్క వేయండి. పట్టా పొలం వైపుకి కాకుండా అడ్డంగా ఉండాలి, రెండు చివరలా గట్టి బ్లాకులు ఉండాలి. అప్పుడు రైతు వచ్చి తగిలినా బండి కదలదు. పట్టా మీద మైన్‌కార్ట్ పెట్టండి. ఇందులో కూర్చునే విలేజరే మన రైతుకు ఎదురు మనిషి.

దూరం విషయంలో రాజీ పడొద్దు. రైతు తిండి విసరాలంటే ఇద్దరూ దాదాపు రెండు బ్లాకుల లోపు ఉండాలి. మడి అంచున రైతు, మధ్యలో ఒక హాపర్, అవతల బండిలో మనిషి. లెక్క సరిగ్గా అంతే. ఇంకో బ్లాకు పెరిగిందా, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు తప్ప చెస్ట్‌లోకి ఏమీ రాదు. ఇద్దరి మధ్యా గాజు కూడా ఉండకూడదు, చూపు ఆనాలి.

బండి కింద కూడా హాపర్ ఎందుకంటే, విసిరిన క్యారెట్లు కొన్ని ముందు హాపర్ దాటి అతని ఒళ్ళో పడతాయి. అతను వాటిని ఏరుకుంటూ పోతే అతని కడుపు నిండుతుంది, మన చెస్ట్ నిండదు. కింద హాపర్ ఉంటే చాలావరకు అదే ముందు లాగేస్తుంది.

మెట్టు 4: ఇద్దరు విలేజర్లను తీసుకురావడం

విలేజర్‌ని తరలించడానికి బోటు చాలు. అతని పక్కన బోటు పెడితే తగిలి ఎక్కేస్తాడు, మీరు బోటు పగలగొట్టేదాకా దిగడు. నేల మీద కూడా బోటు నడుస్తుంది, నెమ్మదిగా. అయితే ఒక బ్లాకు ఎత్తు కూడా ఎక్కలేదు. దారిలో గుట్టలుంటే కాలువ తవ్వండి, లేదా పట్టాలు వేయండి. పగటిపూట బయల్దేరండి, చీకటి పడేలోగా చేరలేమనిపిస్తే మధ్యలో చుట్టూ మట్టి పేర్చి ఆగిపోండి.

ముందు బండిలో కూర్చునేవాడిని తేండి. గూడు వెనక గోడ తెరిచి ఉంచి, బోటుని అక్కడిదాకా తెచ్చి పగలగొట్టండి. అతన్ని మెల్లగా బండి వైపు నెట్టితే తగలగానే ఎక్కి కూర్చుంటాడు. వెంటనే వెనక, పక్కల, పైన మూసేయండి. ఈ పనికి ఆకుపచ్చ అంగీ వేసుకున్న విలేజర్ శ్రేష్ఠం. వాళ్ళు ఏ వృత్తీ పట్టలేరు, అందుకే చాలామంది వాళ్ళను పనికిరాని వాళ్ళంటారు. ఇక్కడ వాళ్ళంత పనికొచ్చేవాళ్ళు లేరు. కంపోస్టర్‌ని లాక్కుంటారన్న భయమే ఉండదు.

తరవాత రైతు. పని లేని పెద్ద విలేజర్‌ని తెచ్చి మడిలో వదలండి. పిల్లలైతే ఇరవై నిమిషాలు ఆగి పెద్దయ్యాక గానీ పనిలో చేరరు. పగటిపూట అయితే కొద్దిసేపట్లోనే ఆకుపచ్చ మెరుపులు వచ్చి, తలమీద గడ్డి టోపీ కనిపిస్తుంది. ఊళ్ళో పొలం చేసి వచ్చిన పాత రైతును తేవొద్దు. అతని జేబులో గోధుమలు, బీట్‌రూట్ విత్తనాలు ఉంటాయి, మీ క్యారెట్ మడిలో అవే నాటుతాడు.

టోపీ వచ్చాక అతనితో ఒక్క బేరం చేయండి. 22 క్యారెట్లు ఇచ్చి ఒక పచ్చ తీసుకున్నా చాలు. ఒకసారి బేరం జరిగాక అతని వృత్తి స్థిరపడిపోతుంది, కంపోస్టర్ పోయినా రైతుగానే ఉంటాడు. అలాగని కంపోస్టర్ తీసేయకండి, అది లేకపోతే పొలం పనికి దిగడు.

మెట్టు 5: ఆగి చూడటం

ఆటలో ఒక రోజు ఇరవై నిమిషాలు. అందులో విలేజర్ పని వేళ సుమారు ఆరు నిమిషాలే. తెల్లవారాక కాసేపు తిరిగి పనిలోకి దిగుతాడు, మధ్యాహ్నం దాటాక మానేస్తాడు. సాయంత్రం పండిన మొక్కల మధ్య ఊరికే నిలబడ్డాడని కంగారుపడొద్దు, అతని పని గంటలు అయిపోయాయంతే.

క్యారెట్ మొక్క ఇలాంటి ఒకే పంట మడిలో పక్వానికి రావడానికి సగటున రెండు మూడు ఆట రోజులు పడుతుంది. మొదటి కోతలోనే చెస్ట్ నిండాలని ఆశించొద్దు. రైతు దగ్గర కనీసం 24 క్యారెట్లు చేరితే గానీ అతనికి మిగులు ఉన్నట్టు కాదు. ముందు తన జేబు, ఆ తరవాతే ఎదుటివాడు. ఆ దశ దాటాక క్రమంగా వస్తూనే ఉంటాయి. తక్కువలో తక్కువ మొక్కకు రెండు చొప్పున వేసుకున్నా 80 మొక్కలకు 160, అందులో 80 మళ్ళీ నాటుకు పోతే 80 మిగులు. నిజానికి ఇంతకన్నా బాగా ఎక్కువే వస్తుంది.

వేగం పెంచాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, బోన్‌మీల్ (ఎముకల పొడి ఎరువు) రైతు ముందు విసరడం. ఎత్తుకుని ఎదుగుతున్న మొక్కలకు తనే చల్లుతాడు. రెండోది నాకు బాగా ఇష్టం: లోపల ఒక మూల తేనెతుట్టె, దాని దగ్గర నేలలో నాటిన పూలు రెండు మూడు (కుండీల్లోవి కాదు) పెట్టి తేనెటీగల్ని పెంచడం. పుప్పొడి మోసుకుంటూ పంట మీద ఎగిరే తేనెటీగ కింద మొక్క ఒక దశ ముందుకు జరుగుతుంది. అందుకోసం సాగు నేలలో ఒకటి రెండు బ్లాకులు వదులుకున్నా గిట్టుబాటే. తేనె అదనం.

పని ఆగిపోతే ఎక్కడ చూడాలి

రైతు టోపీ ఉంది, పండిన మొక్కలున్నాయి, అయినా ఒక్కటీ కోయట్లేదంటే మొదట చూడాల్సింది మాబ్‌గ్రీఫింగ్ అనే గేమ్‌రూల్. క్రీపర్లు ఇళ్ళు పేల్చకూడదని చాలా సర్వర్లలో దీన్ని ఆపేస్తారు. అదే నియమం విలేజర్లు పంట కోయడాన్నీ, వస్తువులు ఎత్తుకోవడాన్నీ ఆపేస్తుంది. మీ సొంత ప్రపంచమైతే ఆన్ చేయండి. స్నేహితుల సర్వర్ అయితే కట్టడం మొదలుపెట్టక ముందే అడిగి తెలుసుకోండి, అన్నీ కట్టాక తెలిస్తే బాధ.

కోస్తున్నాడు, నాటుతున్నాడు, చెస్ట్ మాత్రం ఖాళీ అంటే గూడు దగ్గర లోపం. దూరం కొలవండి, మధ్యలో చూపుకు అడ్డం ఏదైనా ఉందేమో చూడండి, రెండో హాపర్ మూతి మొదటిదాని వైపే ఉందో లేదో చూడండి. రెడ్‌స్టోన్ కరెంటు తగిలినా హాపర్ ఆగిపోతుంది. బండిలోని విలేజర్‌కి తిండి చేరిపోయి ఉంటే అతన్ని మార్చి కొత్తవాడిని కూర్చోబెట్టడమే తేలిక.

మడిలో అక్కడక్కడ ఖాళీ మట్టి కనిపిస్తే ఎవరో గెంతినట్టు. పారతో మళ్ళీ దున్నితే రైతు నాటేస్తాడు.

మీరు దూరంగా వెళ్ళి వచ్చేసరికి ఏమీ పెరగలేదంటే అది లోపం కాదు. మీ చుట్టూ ఉన్న ప్రాంతమే ఆట నడుపుతుంది. పొలాన్ని మీరు ఎక్కువసేపు గడిపే ఇంటి పక్కనో, గని పైనో కట్టుకోండి.

వచ్చిన క్యారెట్లతో ఏం చేయాలి

గోడ బయట ఇంకో ఇద్దరు ముగ్గురు రైతుల్ని, ఒక్కొక్కరికీ ఒక కంపోస్టర్ ఇచ్చి పెట్టుకుంటే 22 చొప్పున అమ్ముకోవచ్చు. ఒక బేరం 16 సార్లు చేశాక తాళం పడుతుంది, వాళ్ళు కంపోస్టర్ దగ్గర పని చేసుకున్నాక రోజుకు రెండుసార్లు వరకు తిరిగి తెరుచుకుంటుంది. అమ్ముతూ పోతే రైతు స్థాయి పెరిగి, చివరి స్థాయిలో 3 పచ్చలకు 3 బంగారు క్యారెట్లు అమ్ముతాడు. ఆటలో వాటిని మించిన రోజువారీ తిండి లేదని నా అభిప్రాయం. మామూలు క్యారెట్ 3 ఆకలి పాయింట్లు తీరిస్తే అది 6 తీరుస్తుంది, మళ్ళీ ఆకలి త్వరగా వేయదు.

ఊరు పెంచాలనుకుంటే చెస్ట్ లోంచి తీసి పక్క ఊరి విలేజర్లకు విసరండి. ఒక్కొక్కరికి 12 క్యారెట్లు అందాలి, ఎవరూ పడుకోని మంచం ఒకటి ఉండాలి, దాని మీద రెండు బ్లాకులు ఖాళీగా ఉండాలి. గుండె గుర్తులు వచ్చి పిల్ల పుడుతుంది. గుండెల తరవాత కోపం గుర్తులు కనిపిస్తే మంచం చాలలేదన్నమాట, ఇంకొకటి వేయండి.